కరెంటు పోయిన కథ

పోయిన వారం సాయంత్రం మా మనవడు టీవీలో ఏదో దయ్యాల కథ చూస్తున్నాడు. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. తెర మీద ఒక ఆడమనిషి తలుపు తోసుకుని లోపలికి వస్తుండగా కరెంటు పోయింది. "అయ్యో, ఇప్పుడేనా!" అని వాడు అరిచాడు. నేను లేచి నిలబడేలోపలే కింద జనరేటర్ గుర్రుమంది, బొమ్మ మళ్లీ వచ్చింది. వాడు చివరిదాకా చూసి, "ఓస్, ఇంతేనా" అని ఆవులించి అన్నానికి లేచిపోయాడు.

నేను పళ్లెం ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో ఇట్లాగే ఒక సాయంత్రం, మా వీధి వీధంతా చూస్తున్న కథ మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి కథ అయిపోయింది. మిగిలిన కొసను మా వీధి తనకు తోచినట్టు పూరించుకుంది. దానివల్ల ఒక మనిషి మాకు లేకుండా పోయింది.

మాది మగ్గాల వీధి. పొద్దున్నే వీధి పొడవునా పడుగు దారాలు చాపి గంజి పెట్టేవాళ్లు. ఆ పుల్లటి గంజి వాసన, రంగు బానల వాసన, కట్టెల పొయ్యి మీద కాలుతున్న జొన్నరొట్టెల వాసన అన్నీ కలిసి వచ్చేవి. మా నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేది. మా అమ్మ వాకిట్లో రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. మా అవ్వ, అంటే నాయనకు అమ్మ, అరుగు మీద కూర్చుని వీధిలో పోయేవాళ్లందరినీ పేరుపేరునా నిలబెట్టి మాట్లాడించేది. ఆదివారం వస్తే ఉగ్గాని. నానబెట్టి పిండిన బొరుగులకు తిరగవాత పెట్టి, పప్పుల పొడి చల్లి, మిరపకాయ బజ్జీలతో పెడితే, మేము బజ్జీలో కారం తీసి పక్కనోళ్ల పళ్లెంలో వేసి తన్నులు తినేవాళ్లం.

మా ఎదురింట్లో ఖాలమ్మ ఉండేది. వాళ్ల చుట్టాల పిల్లలు ఆమెను "ఖాలా", అంటే పిన్నీ అని పిలిస్తే, మేము దానికి అమ్మను తగిలించుకున్నాం. ఆదోని ఆడపడుచు. భర్త లారీ డ్రైవరు, ఆదోని నుంచి పత్తి బేళ్లు బొంబాయికి తోలేవాడు. ఒకసారి వచ్చేటప్పుడు బొంతలో చుట్టి ఒక టీవీ తెచ్చినాడు. మా వీధికి అదే మొదటి టీవీ. మిద్దె మీద కడ్డీల ఏరియల్ నిలబెట్టినారు. గాలి వీస్తే ఎవరో ఒకరు పైకెక్కి దాన్ని తిప్పుతూ, "వచ్చెనా?" అని అరవడం, కిందినుంచి మేమంతా, "రాల్యా!" అని అరవడం.

ఆ రోజుల్లో వారానికొకసారి, దీపాలు పెట్టే వేళ దాటినాక, భయం కథలు వచ్చేవి. ప్రతివారం ఒక కొత్త కథ. పెద్ద పెద్ద రచయితలు పుస్తకాల్లో రాసిన కథలే బొమ్మలుగా తీసినారని ఖాలమ్మ చెప్పేది. వాటిలో చాలా కథలు ఆదోనిలో వాళ్ల నాయన చదివినవేనంట. ఆయన ఉర్దూ అయ్యవారుగా పనిచేసి దిగిపోయిన మనిషి. మాటలన్నీ హిందీ. మా వీధిలో నేతగాళ్లకు తెలుగు, కొద్దిగా కన్నడ తప్ప ఏమీ రాదు. అందుకని ఖాలమ్మ టీవీ పక్కన స్టూలు వేసుకుని, మా వైపు తిరిగి కూర్చునేది. ఒక కన్ను బొమ్మ మీద, ఒక కన్ను మా మీద. ముసలివాడు మాట్లాడితే ముసలి గొంతు, దయ్యం మాట్లాడితే లోగొంతు. బొమ్మ నలుపు తెలుపే గానీ ఖాలమ్మ చెప్తుంటే మాకు రక్తం ఎర్రగానే కనిపించేది.

చూసేవాళ్లు ఊరికే చూసేవాళ్లు కాదు. వేయించిన శెనక్కాయలు ఒళ్లో పోసుకుని వలుస్తా వలుస్తా, భయం వచ్చేచోట చెయ్యి ఆగిపోయేది. ఆడవాళ్లు కొంగు మొహాన కప్పుకుని, ఆ కొంగులోనుంచే చూసేవాళ్లు. మా అవ్వ అయితే దయ్యాలతోనే మాట్లాడేది. "పోవే, పో. బతికినోళ్ల ఇంట్లో నీకేం పని? నీ సమాధిలో నువ్వు పండుకోపో," అని తిట్టేది. మరుసటిరోజు కొళాయి దగ్గర అదే చర్చ. "అంత పెద్ద బంగ్లాలో ఇద్దరే ఏంటికి ఉండల్ల? అమ్మేసి ఊర్లోకి రారాదా?" అని ఒకామె అంటే, "దయ్యముండే ఇల్లు ఎవురు కొంటారమ్మా?" అని ఇంకొకామె. మాకు మాత్రం ఆ వారమంతా చీకటి పడితే పెరట్లోకి పోవాలంటే అమ్మ తోడు కావాల్సిందే.

అందరితోపాటు గడప దగ్గర కూర్చుని చూసే మనిషి ఒకామె ఉండేది. ఆమెను వీధంతా నీళ్లమ్మ అనేవాళ్లం. పుట్టిన బిడ్డలకు, బాలింతలకు నీళ్లు పోయడం ఆమె పని. ఊరి చివర పేటలో ఒక్కతే ఉండేది. మొగుడు లేడు, ఉన్న ఒక్క కూతురినీ ఆస్పరికి ఇచ్చింది. మా వీధిలో నా ఈడు పిల్లలందరమూ ఆమె కాళ్ల మీద పండుకున్నవాళ్లమే. బండ మీద కూర్చుని కాళ్లు బారచాపి, బిడ్డను కాళ్ల మీద పండబెట్టుకుని, ఆముదం రుద్ది, శెనగపిండితో నలుగు పెట్టి, చెంబుతో పొగలు కక్కే నీళ్లు తన అరచేతి మీదుగా పోసేది. ఎంత ఏడ్చే బిడ్డ అయినా మూడో చెంబుకో నాలుగో చెంబుకో కళ్లు మూతలు పడేవి. అయినాక చివరి చెంబు నీళ్లు బిడ్డ చుట్టూ తిప్పి పారబోసేది. మా ఇంట్లో అయితే "శ్రీరామరక్ష" అనేది. ఖాలమ్మ ఇంట్లో "బిస్మిల్లా" అనేది. తన మనవడికి పోసేటప్పుడు "ఏసయ్యా" అనేది. ఎవరి బిడ్డకు ఎవరి దేవుడో ఆమెకు తెలుసు. అంత చేసినా ఆమెకు కాఫీ పోసే గ్లాసు మా పెరటి గూట్లో వేరేగా ఉండేది. అది నాకు అప్పట్లో వింతగా కనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం ఒకరకంగా అయిపోతుంది.

ఆ సాయంత్రం వచ్చిన కథ ఒక ఆయాది. కొండల్లో చెరువు పక్కన బంగ్లా. ఆ ఇంట్లో ఎప్పుడో చచ్చిపోయిన ఆయా, కొత్తగా బిడ్డ పుట్టినాక మళ్లీ వస్తుంది. తెల్లచీర కట్టుకుని ఊయల తొట్టి పక్కన నిలబడుతుంది. బొమ్మలో ఆమె మొహం దగ్గరగా కనబడేసరికి గదిలో ఎవరో, "అరెరే, మన నీళ్లమ్మే!" అన్నారు.

నిజంగానే అట్లే ఉంది. అవే పెద్ద కళ్లు, అదే కోలమొహం, నుదుటి మీద పాపిట పక్కన తెల్లబడిన అదే పాయ. అందరం వెనక్కు తిరిగి గడప దగ్గర కూర్చున్న నీళ్లమ్మను చూసి పగలబడి నవ్వినాం. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నన్ను బొంబాయికి ఎప్పుడు తోల్కపోతివమ్మా?" అని ఖాలమ్మను అడిగింది.

"మొన్న మా ఆయన లారీలోనే కదా పోతివి," అంది ఖాలమ్మ. మళ్లీ నవ్వులు.

నవ్వులు అణిగినాక కథ ముందుకు పోయింది. ఆయా తొట్టిలోనుంచి బిడ్డను ఎత్తుకుంది. ఏదో అంది. ఖాలమ్మ లోగొంతుతో చెప్పింది: "నీళ్లు పోయల్ల. బిడ్డకు నీళ్లు పోసే పొద్దయింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయా మెట్లు దిగి, తోట దాటి, చెరువు గట్టు దగ్గరికి పోయింది. వంగింది. అంతే, కరెంటు పోయింది.

చీకట్లో పిల్లలు కెవ్వుమన్నారు. గడప దగ్గర అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. దీపం వెలిగిద్దామని నీళ్లమ్మ పుల్ల గీసింది. ఆ వెలుతురులో ఆమె మొహం ఒక్కటే కనబడింది. ఇంకా గట్టిగా అరిచినాం. "నేనే లేమ్మా, నేనే," అంటోంది ఆమె, నవ్వుతా. కరెంటు వచ్చేసరికి టీవీలో ఎవరో వార్తలు చదువుతున్నారు.

ఆ వారమంతా మా ఆట అదే. తలుపుల చాటున దాక్కుని, వచ్చినవాళ్ల మీదికి దూకి, "నీళ్లు పోయల్లా?" అని లోగొంతుతో అనడం. ఆదివారం పొద్దున నీళ్లమ్మ తెల్లచీర కట్టుకుని చర్చికి పోతుంటే వీధిలో గోళీలాడే పిల్లకాయలు గోళీలు వదిలేసి పరుగో పరుగు. ఆమె కూడా ఆటలో కలిసి, కళ్లు పెద్దవి చేసి, "రాండి, ఒక్కొక్కరికే పోస్తా," అనింది. పెద్దవాళ్లు కూడా అరుగుల మీద నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. వీధి చివరింట్లో ఒక చంటిబిడ్డ ఉండేవాడు. వాడికి నీళ్లు పోస్తున్నది నీళ్లమ్మే. వాడికి జ్వరం వచ్చి, ఫిట్స్ వచ్చి, పెద్దాసుపత్రికని కర్నూలుకు తీసుకుపోతుండగా దారిలోనే చనిపోయినాడు. ఆ ఇంటిముందు సగం గంజిపెట్టి వదిలేసిన పడుగు ఎండకు ఎండి బిర్రబిగుసుకుపోయింది. రెండ్రోజులు దాన్ని ఎవరూ తియ్యలేదు.

ఎవరు మొదట అన్నారో నాకు తెలియదు. కొళాయి దగ్గర బిందెలు నిండేలోపల ఆ మాట ఒక నోటినుంచి ఇంకో నోటికి పోయింది. "ఆ పొద్దు బొమ్మలో చూస్తిమి కదా." "చెరువులో ముంచింటాది." "మొగం కూడా అచ్చం అదే." తెలివిగల ఆడవాళ్లే, పొద్దున్నుంచి మాపుదాకా ఒళ్లు వంచి పనిచేసేవాళ్లే. టీవీలో ఆమె, వీధిలో ఈమె వేరువేరని వాళ్లకు తెలియదనుకోను. తెలుసు. కానీ పుట్టిన బిడ్డ విషయంలో ఏ ఆడది మాత్రం తెగించి ఉంటుంది?

నీళ్లమ్మతో ఎవరూ ఏమీ అనలేదు. ఒకరింట్లో, "మా పిన్నమ్మ వచ్చిందిలే," అన్నారు. ఇంకొకరింట్లో, "బిడ్డకు జలుబు, రేపు చూద్దాం," అన్నారు. ఆ రేపు రాలేదు.

మా అమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. నాకూ ఆ కడుపులో ఉన్నవాడికీ మధ్య ఒక తమ్ముడు పుట్టి, పురిట్లోనే పోయినాడు. వాడికీ నీళ్లమ్మే నీళ్లు పోసింది. మా అవ్వ ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నీళ్లమ్మ మా ఇంటికి వచ్చి గడప బయట కూర్చుంది. "ఈ పాప వాళ్లమ్మకు ఇంక రోజులే కదా? ఆముదం కాంచి పెట్టుకోండి, పాత చీరలు మెత్తగా ఉతికి పెట్టుకోండి," అని మామూలుగా చెప్పుకుపోతోంది.

మా అవ్వ ఆమె వైపు చూడకుండా, "మా చెల్లెలు వస్తాండాది. ఆమే పోస్తాది ఈసారి," అంది.

నీళ్లమ్మ తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "అట్లనా? మంచిదమ్మా," అని లేచి వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగినాక, అమ్మ లోపలినుంచి వచ్చింది. ఆమె అవ్వకు ఎదురు చెప్పగా నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"ఏమత్తా, అట్లంటివి? ఆయమ్మ ఏం చేసిందని?"

"ఏం చేసిందో నాకు తెల్దు. ఒకడు మన ఇంట్లో పాయె, ఒకడు ఆ ఇంట్లో పాయె. చాలదా?"

"మన వాడు పుట్టిందే పిడికెడు. డాక్టరమ్మ ముందే చెప్పలేదా? ఆ రాత్రంతా వాన్ని గుండెకు అదుముకుని కూర్చునింది ఎవురు? నువ్వు కాదు, నేను కాదు, ఆయమ్మే."

"నాకు అవన్నీ తెల్దు. నాకు భయమయితాంది," అంది మా అవ్వ. దయ్యాలను తిట్టి పంపించే మా అవ్వ కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదలు. అమ్మ లోపలికి పోయింది.

ఇవన్నీ చూసి తల్లడిల్లిపోయింది ఖాలమ్మ. "ఆ మాట పలికింది నా నోరు కదా," అని అమ్మ దగ్గర ఏడ్చింది. "నీళ్లు పోసే పొద్దయిందని నేను చెప్పకపోయింటే వీళ్లకు అర్థమే అయ్యేది కాదు. మా అబ్బాజాన్ ఆ కథ చదివింటాడు. కొస ఏమిటో అడిగొస్తా. ఆ ఆయా మంచిదే అయింటాది. అది చెప్తే అందరి భయమూ పోతాది." సంచి పట్టుకోవడానికని నన్ను వెంట తీసుకుపోయింది.

అప్పుడు పత్తి కాలం. ఆదోనిలో దిగేసరికి రోడ్డంతా పత్తి బండ్లు. మిల్లుల్లోనుంచి ఎగిరొచ్చిన దూది నా జడకు, ఖాలమ్మ బురఖాకు అంటుకుంది. వాళ్ల నాయన ఇల్లు సన్నటి సందులో. తెల్లగడ్డం, మందపు కళ్లద్దాలు, గోడవారగా పుస్తకాల బీరువా. నాకు నాన్‌ఖటాయి బిస్కెట్లు పెట్టి, "తిను బేటీ," అన్నాడు. ఖాలమ్మ అడిగేసరికి ఆయన మొహం వెలిగింది.

"ఆయా కథా? మూడుసార్లు చదివింటి. బాగా రాసినాడు."

"చివరికి ఏమయితాది, అబ్బాజాన్?"

"ఏమయితాది? బిడ్డను ఎత్తుకుని చెరువులోకి దిగుతాది. తెల్లారి చూస్తే తొట్టి ఖాళీ. కానీ ఇంట్లో నీళ్లు పోసే చప్పుడు మాత్రం వినిపిస్తానే ఉంటాది. అంతే."

ఖాలమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "బిడ్డ బతకడా?"

"బతికితే అది భయం కథ యాడయితాది బేటీ?" అని నవ్వినాడు ఆయన. కూతురి మొహం చూసి నవ్వు ఆపి, సంగతంతా అడిగినాడు. విన్నాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాసినాయనకు మీ వీధి తెలీదమ్మా," అన్నాడు.

తిరుగు బస్సు మంత్రాలయం పోయే జనంతో కిక్కిరిసి ఉంది. ఖాలమ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఊరు దగ్గరపడినాక నా చెవిలో చెప్పింది: "ఆ ఆయా బిడ్డను తిరిగి తెచ్చి తొట్లో పండబెట్టింది. మా అబ్బాజాన్ అట్లనే చెప్పినాడు. అర్థమయిందా?"

"అర్థమయింది ఖాలమ్మా," అన్నాను.

తర్వాతి వారం కథ మొదలయ్యే ముందు ఖాలమ్మ టీవీ గొంతు తగ్గించి, అందరికీ చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, నిజం తెలిసిన నేనే నోరు తెరుచుకుని విన్నాను. బంగ్లాకు నిప్పంటుకునేది ఆయాకు ముందే తెలుసంట. అందుకే బిడ్డను చెరువు గట్టుకు తెచ్చిందంట. మంటలు ఆరినాక తిరిగి తెచ్చి, తల్లి పక్కన పెట్టి మాయమైపోయిందంట. ఆ తల్లి తన జీవితమంతా ఆ ఆయా పేరు మీద దీపం పెట్టిందంట.

ఒకరిద్దరు కళ్లు ఒత్తుకున్నారు. అప్పుడు వీధి చివరింటి ముసలామె, ఆ చనిపోయిన బిడ్డకు అవ్వ, గోడకు ఆనుకుని కూర్చునున్న చోటినుంచే మాట్లాడింది.

"అయితే ఆ బిడ్డ బతికినాడంటావు. మంచిదమ్మా. మా ఇంట్లో తొట్టి ఖాళీగా ఉండాది. దానికేం సెప్తావు?"

ఖాలమ్మ లేచి టీవీ గొంతు పెంచింది. ఆ రోజు వచ్చిన కథకు ఆమె ఒక్క మాట కూడా చెప్పలేదు. అర్థం కాని హిందీ వింటూ, బొమ్మలు చూస్తూ కాసేపు కూర్చుని, ఒక్కొక్కరుగా లేచి వెళ్లిపోయినారు. ఆ వారంలోనే నీళ్లమ్మ తన గుడిసెకు తాళం వేసి ఆస్పరిలో కూతురి దగ్గరికి పోయిందని తెలిసింది.

మా తమ్ముడు ఊర్లో ఆసుపత్రిలోనే పుట్టినాడు. ఇంటికి తెచ్చినాక అవ్వ చెల్లెలు నీళ్లు పోసింది. ఆమెకు చేతులు వణుకు. ఒకసారి నీళ్లు ముక్కులోకి పోయి, వాడు నీలంగా మారిపోయి, గుక్క తిరగక అందరి ప్రాణాలూ తీసినాడు. అమ్మ వాన్ని లాక్కుని, తడిచీరతోనే గదిలోకి పోయి తలుపేసుకుంది. "నీళ్లమ్మ వస్తేనే వీడికి నీళ్లు. అంతదాకా గుడ్డతో తుడుచుకుంటా," అని లోపలినుంచే చెప్పింది.

మా నాయన తన తల్లి మాటకు అడ్డం చెప్పే మనిషి కాదు. ఆ రోజు మగ్గం గుంతలోనుంచి లేచి, చొక్కా వేసుకుని, నన్ను రమ్మన్నాడు. "నిన్ను చూస్తే ఆయమ్మ కాదనదు," అన్నాడు. అవ్వ అరుగు మీదనుంచి చూస్తూ ఉండిపోయింది. పొమ్మనలేదు, వద్దనలేదు.

ఆదోనిలో బస్సు మారి ఆస్పరి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. నీళ్లమ్మ కూతురింటి ముందు వేపచెట్టు నీడలో కూర్చుని, శెనక్కాయ చెట్లనుంచి కాయలు తెంపుతోంది. మమ్మల్ని చూసి గబగబా లేచింది. చిక్కిపోయింది. వాసన మాత్రం అదే, ఆముదం, శెనగపిండి కలిసిన వాసన.

"మగబిడ్డనా? ఎట్లుండాడు? బొడ్డు ఊడినాదా? పాలు తాగుతాండాడా?" అని ఊపిరి తీసుకోకుండా అడిగింది.

నాయన అన్నిటికీ జవాబు చెప్పి, "రా నీళ్లమ్మా. నా పెండ్లాము నీ కోసరమే చూస్తాండాది," అన్నాడు.

"మీ అమ్మ రమ్మనిందా అప్పా?"

నాయన నేల చూసినాడు.

నీళ్లమ్మ మళ్లీ కూర్చుంది. "రాను అప్పా. మీ అమ్మ మీద కోపంతో కాదు. రేపు ఆ బిడ్డకు చిన్న తుమ్మొచ్చినా అందరూ నా మొగమే చూస్తారు. అది కూడా పడతాను. కానీ..." అని ఆగింది. రెండు చేతులూ తిప్పి చూపించింది. "నాకే భయమయితాంది. ఆ పొద్దు బొమ్మలో నా మొగం చూసి నవ్వితి. ఇప్పుడు అద్దం చూసుకుంటే ఆయమ్మే కనిపిస్తాది. సొంత మనవడికి నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో. నా కూతురే పోసుకుంటాది. బిడ్డను ఎత్తుకుంటే చేతులు చల్లబడతాండాయి."

ఆమె నా వైపు తిరిగి, నా జడ సర్దుతా, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అడిగింది: "పాపా, ఆ పొద్దు కరెంటు పాయె కదా. తర్వాత ఏమయిందో మీకు తెలిసెనా? ఆయమ్మ బిడ్డను ఏం చేసింది?"

"తిరిగి తెచ్చి తొట్లో పండబెట్టింది," అన్నాను వెంటనే.

"ఎవురు చెప్పినారు?"

"ఖాలమ్మ."

ఆమె నన్ను చూసి చిన్నగా నవ్వింది. "ఖాలమ్మ మంచిది," అంది.

బస్సుకు ఇంకా పొద్దుంది. ఆమె లోపలికి పోయి ఒక పాత చీర తెచ్చి, ఉండగా చుట్టి, కాళ్లు బారచాపి దాన్ని కాళ్ల మీద పెట్టుకుంది. "మీ అమ్మకు చూపించల్ల, బాగా చూడు," అంది. తల కింద ఏ చెయ్యి పెట్టాలి, ముక్కులోకి నీళ్లు పోకుండా అరచెయ్యి ఎట్లా అడ్డం పెట్టాలి, బోర్లా తిప్పేటప్పుడు దవడ కింద వేళ్లు ఎట్లా ఉంచాలి, అన్నీ చూపించింది. ఆ గుడ్డ ఉండ మీద ఆమె చేతులు కొంచెం కూడా వణకలేదు. ఉత్త చెంబుతో ఉత్త గాలి పోస్తుంటే నిజంగా బిడ్డే ఉన్నట్టు, వాడికి నిద్ర పడుతున్నట్టు అనిపించింది. నాయన అటు తిరిగి నిలబడినాడు.

ఆ మరుసటిరోజు మా అమ్మ బండ మీద కాళ్లు చాపి కూర్చుంటే, నేను పక్కన నిలబడి ఒక్కొక్కటే చెప్పినాను. తమ్ముడికి అమ్మే నీళ్లు పోసుకుంది. వాడికి ఏమీ కాలేదు.

నీళ్లమ్మ మళ్లీ మా వీధికి రాలేదు. కొన్నేళ్లకు ఆమె కూతురు సంతలో కనబడి, పోయిన ఎండాకాలంలో అమ్మ చనిపోయిందని చెప్పింది. ఆ భయం కథలు కూడా ఎప్పుడో ఆగిపోయినాయి. ఇంటింటికీ టీవీలు వచ్చినాయి. ఖాలమ్మ ఆ తర్వాత ఎవరికీ కథ చెప్పలేదు. అడిగితే, "గొంతు బాగాలేదమ్మా," అనేది. వాళ్లు ఆదోనికి మారిపోయిన రోజు మా అమ్మా ఖాలమ్మా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చినారు. నీళ్లమ్మ మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

మా అవ్వ చాలా ఏళ్లు బతికింది. చివరి రోజుల్లో మంచం పట్టి, మనుషులను పోల్చుకోలేకపోయేది. అప్పటికి పెళ్లయిన నేను ఆమెను చూసేదానికి పుట్టింటికి వచ్చినాను. ఒకరోజు పొద్దున అమ్మ, నేను అవ్వను పెరట్లో బండ మీద కూర్చోబెట్టి స్నానం చేయిస్తున్నాం. అవ్వ చిన్నపిల్ల మాదిరి ఏడుస్తోంది. "మీరొద్దు. నీళ్లమ్మను పిలువు. ఆయమ్మ చేతి నీళ్లు పడితే నాకు నిద్ర పడతాది," అంది.

నేను అమ్మ మొహం చూసినాను. అమ్మ చెంబు పట్టుకుని అవ్వ వెనక్కు పోయి కూర్చుని, ఆమె తలను తన గుండెకు ఆనించుకుంది. నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి మెల్లగా నీళ్లు వదిలింది.

"నేనేనమ్మా, నీళ్లమ్మను. వచ్చినా."

అవ్వ ఏడుపు ఆపింది. "ఇన్నాళ్లూ యాడ పోయింటివి?"

"ఆస్పరికి పోయింటి. నా కూతురి దగ్గరికి."

"నేను పిలిస్తే రాలేదా?"

అమ్మ ఇంకో చెంబు పోసింది. అవ్వ కళ్లు మూతలు పడుతున్నాయి.

"బిడ్డ బాగుండాడా?" అని అడిగింది.

మా తమ్ముడు కాలేజీకి బయల్దేరబోతూ, వేడినీళ్ల బకెట్ తెచ్చి గడప దగ్గర నిలబడినాడు. వాడికి ఈ సంగతులేవీ తెలియవు. ఎవరిని అడుగుతోందో అర్థంకాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"బాగుండాడమ్మా," అంది అమ్మ. "నీ కండ్ల ముందరే ఉండాడు."